వెండి మహారాజు చిటికెన వేలు

నూపురగిరి పెద్ద రాజ్యమేమీ కాదు. కోట బురుజు మీద కాపలావాడు తుమ్మితే పక్క రాజ్యపు కాపలావాడు "చిరంజీవ" అనేవాడు. కానీ వెండి పనిలో ఆ రాజ్యానికి సాటి లేదు. అక్కడి కంసాలులు చిన్న ఉలితో, చిన్న సుత్తితో తట్టి తట్టి వడ్డాణం మీద హంసల బారు తీరిస్తే, ఏ హంస మెడ ఒంపు దానిదే. కడియాలకు మకరాలు, వంకీలకు నాగుపడగలు, కంటెలకు మొగ్గలు. చెక్కిన గీతల లోతుల్లో నల్లటి నీడ నింపి, ఉబ్బెత్తు పనిని పున్నమి చంద్రుడిలా వదిలేసేవాళ్ళు. ఒక పట్టీల జత నడిచి వెళ్తుంటే వాన వెలిసిన చెట్టు కొమ్మను ఊపినట్టుండేదని పెద్దలు చెప్పేవారు.

పెద్దలు చెప్పడమే గానీ ఎవరూ విన్నది లేదు. కొన్న రోజునే ఆ నగలను పాత చీర ముక్కలో చుట్టి, భోషాణం అడుగున పెట్టి, తాళం వేసేవాళ్ళు. "మంచి రోజుకి తీద్దాం" అనేవాళ్ళు. మంచి రోజు వస్తే, "ఇంతకన్నా మంచి రోజు రాకపోతుందా" అని ఆగేవాళ్ళు. ఆ విధంగా నూపురగిరి ప్రజలు ఒంటి నిండా పసుపుతాళ్ళతో, భోషాణాల నిండా వెండితో సుఖంగా ఉండేవారు.

అలాంటి రాజ్యంలో, నిండు కొలువులో, మహారాజు వజ్రబాహువు వెండి విగ్రహమైపోయాడు.

చేసినవాడు కుంభజిహ్వుడనే మాంత్రికుడు. రాజ్యం ఇమ్మన్నాడు, రాజు ఇవ్వనన్నాడు. మాంత్రికుడు కుండలోంచి పాము లేచినట్టు నోట్లోంచి బారెడు నాలుక చాచి, మంత్రదండంతో సింహాసనాన్ని తాకాడు. మహారాజు కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెండిగా మారాడు. పని ఎంత నాజూకుగా ఉందంటే మీసంలో ఏ వెంట్రుకకావెంట్రుక కనిపించింది.

"ఈ వెండి నల్లబడుతుంది," అన్నాడు కుంభజిహ్వుడు. "ఆఖరి మెరుపు ఆరిన క్షణాన వీడి ప్రాణం నా దండంలోకి వస్తుంది. దాని వెనకే రాజ్యమూ వస్తుంది."

అని నల్లటి పొగగా మారి, గుమ్మం మీది కమ్మీకి తల కొట్టుకుని, ఎగిరిపోయాడు.

సభ గొల్లుమంది. ఏడుపు కాస్త సద్దుమణగగానే సలహాలు మొదలయ్యాయి. విభూతితో తోమమని మహామంత్రి. చింతపండేసి రుద్దమని ఆయన భార్య. ఇటుకపొడికి మించింది లేదని సేనాపతి. మహారాణి కనకాంగీదేవి ఎవరినీ నొప్పించే మనిషి కాదు కనుక అన్నీ వరసగా వాడింది. కొబ్బరిపీచుతో మొగుణ్ణి తళతళలాడేట్టు తోమింది. చూస్తే మీసం కుడివైపు సగం అరిగి నున్నగా అయిపోయింది.

"అయ్యో!" అంది మహారాణి. "ఇంక తోమకూడదు. మంచి వస్తువు. పైగా మనిషి. జాగ్రత్తగా దాచాలి."

పట్టుబట్టలో చుట్టించి, ఖజానా గదిలో పెట్టించి, తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుంది. తెల్లవారేసరికి మహారాజు పాదాలు నల్లబడ్డాయి. మర్నాడు మోకాళ్ళు.

యువరాజు కేయూరుడు ఇక ఆగలేదు. కిరీటం తీసి మూలన పెట్టాడు. మాసిన పంచె కట్టి, గడ్డం అంటించి, భుజాన సంచీ తగిలించి, ఊరూరా తిరిగి నగలకు మెరుగు పెట్టేవాడి వేషంలో, మాంత్రికుడి పొగలకొండకు బయలుదేరాడు. పై నుంచి మహారాణి, "ఎండలో తిరక్కు నాయనా!" అని కేక వేసింది. మారువేషం సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది.

దారిలో మొసళ్ళ నది అడ్డొచ్చింది. మొసలి నోరు తెరిస్తే దవడల మధ్య గడకర్ర నిలబెట్టి, దాని వీపు మీదుగా దూకాడు. ముళ్ళ అడవిలో చెట్టుకొమ్మ కొండచిలువై చుట్టుకుంటే, దాని తోకను దాని నోటికే అందించి, అది భోజనంలో ఉండగా జారుకున్నాడు. అడవి దాటగానే ఎదురైంది పొగలకొండ. పసుపురంగు రాళ్ళు. వాటి సందుల్లో కుతకుత ఉడికే మడుగులు. గంధకపు పొగ మేఘాలకు మేఘాలే లేచి, ఆకాశాన్ని అడుగంటిన పాలగిన్నెలా మార్చేసింది. కేయూరుడి చేతి వెండి ఉంగరం చూస్తూ ఉండగానే గోధుమరంగైంది, ఆపైన నల్లబడింది. మాంత్రికుడు ఇక్కడే ఎందుకు కాపురం పెట్టాడో అప్పుడర్థమైంది.

గుహ వాకిట్లో రెండు తలల రాక్షసుడు గద పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవడ్రా?" అంది కుడి తల.

"వెండికి మెరుగు పెట్టేవాణ్ణి బాబూ."

"దేంతో పెడతావ్?" అంది ఎడమ తల.

కేయూరుడు సభలో పెరిగినవాడు. ఎక్కడ ఏం అడగాలో తెలుసు. "తమరైతే దేంతో తోముతారు బాబూ?" అన్నాడు వినయంగా.

"విభూతి," అంది కుడి తల. "మా అమ్మ విభూతితోనే తోమేది."

"మీ అమ్మ మొహం! చింతపండు," అంది ఎడమ తల.

"మా అమ్మనంటావా?"

"అంటాను. విభూతితో తోమి తోమి కంచాల్ని తమలపాకులు చేసింది!"

ఇద్దరికీ అమ్మ ఒక్కతేనని ఆ వేడిలో ఎవరికీ గుర్తు రాలేదు. కుడిచెయ్యి ఎడమ చెంప మీద కొట్టింది. ఎడమచెయ్యి కుడి జుట్టు పట్టుకుంది. యువరాజు ఆ కాళ్ళ మధ్య నుంచి వంగి లోపలికి పోయాడు.

లోపల ముందుగది. గోడ పొడవునా స్ఫటికపు తలుపుల బీరువా. అందులో వరసగా రాజులు, సేనాధిపతులు, ఒక వీణ వాయించే కవి, అందరూ వెండివాళ్ళే, అందరూ బొగ్గులా నల్లబడ్డవాళ్ళే. వచ్చినవాళ్ళు చూసి కుళ్ళుకోవాలని పెట్టిన బీరువా అది. ఆ ఇంటికి ఎవరూ రారు.

బీరువా పక్కన ఒక ముసలావిడ కూర్చుని తిరగలి తిప్పుతోంది. మాంత్రికుడి తల్లి జటిలమ్మ. కాళ్ళకు కడియాలు, వేళ్ళకు మట్టెలు, మెడలో కంటె, జబ్బలకు వంకీలు, నడుముకి వడ్డాణం. ఆ పొగలో, ఆ మసిలో, ఒళ్ళంతా వెండి. ప్రతి మొగ్గా, ప్రతి మకరమూ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు మెరుస్తోంది.

కేయూరుడు నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

"గుమ్మంలో నిలబడకు నాయనా, లోపలికి రా," అంది జటిలమ్మ. "కాళ్ళు కడుక్కున్నావా?"

"అవ్వా, ఈ పొగలో నీ వెండి ఇట్లా ఎట్లా మెరుస్తోంది? దేంతో తోముతావు?"

"తోమడమెందుకు? పెట్టుకుంటాను," అంది ఆవిడ. "పిండి విసిరేప్పుడు పెట్టుకుంటాను, పేడ తీసేప్పుడు పెట్టుకుంటాను. ఒంటికి రాసుకుంటూ ఉంటే దానికి నలుపెక్కడిది? సాయంత్రం మెత్తటి పాత పంచెతో చెమట తుడుస్తాను. మరీ జిడ్డు పడితే కాస్త కుంకుడు నురగ, మంచినీళ్ళు, మళ్ళీ పొడిగుడ్డ. బూడిదలూ చింతపండూ దగ్గరికి రానివ్వను. చేత్తో చేసిన పని నాయనా ఇది. గీతల్లో నలుపు కంసాలి కావాలని పెట్టాడు. దాన్ని కూడా తోమేస్తే బోడిగుండు అవుతుంది."

కేయూరుడికి తండ్రి మీసం గుర్తొచ్చింది.

"మరి ఆ బీరువాలో వాళ్ళు?"

"ఎవరు ముట్టుకుంటారు వాళ్ళని? చూడ్డానికే గాని తాకడానికి లేదంటాడు మావాడు." జటిలమ్మ తిరగలి ఆపింది. "చిన్నప్పుడు మంచి పిల్లాడు. కప్పని కాకి చేసేవాడు, కాకిని కప్ప చేసేవాడు, అన్నానికి పిలిస్తే వచ్చేవాడు. ఎవడో చెప్పాడు, పెట్టెల్లో పడుకుని నల్లబడే వెండంతా నీ దండానికి బలం అని. అంతే, నూపురగిరి మీద కన్నేశాడు. ఒక ఊరు ఊరంతా దాచుకునేవాళ్ళే దొరికితే ఇంకేం కావాలి? ఆ బలంతో నాలుక పెరిగింది. ఇప్పుడు నా కొడుకు నోట్లో ముద్ద పట్టదు."

అప్పుడే గుహ కప్పు అదిరింది. "అమ్మా! నరవాసన!" అనే అరుపు వినిపించింది.

జటిలమ్మ చటుక్కున యువరాజు మీద గంప బోర్లించింది. "నీ నోటి వాసనే," అంది కొడుకుతో. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

కుంభజిహ్వుడు దండం గోడకు ఆనించి, చిరాగ్గా అటూ ఇటూ తిరిగాడు. "అర్థం కావట్లేదమ్మా. నూపురగిరి రాజు మొత్తం నల్లబడ్డాడు. ఎక్కడో ఒక్క చుక్క మాత్రం మిగిలిపోయింది. ఎంతకీ ఆరదు. పొద్దున్న మసకేస్తుంది, సాయంత్రానికి మళ్ళీ మెరుస్తుంది! ఇక నేనే పోతాను. ఒక్క ఊపు ఊదానంటే సరి."

"తిని పో."

"వచ్చి తింటాను."

"జొన్నరొట్టె చల్లారిపోదూ?"

ఏడు లోకాల భూతాలను గడగడలాడించిన కుంభజిహ్వుడు పీట వాల్చుకుని కూర్చున్నాడు. తల్లి వడ్డించింది. వద్దంటే వేసింది. చాలంటే, "ఈ ఒక్కటీ" అంది. వేస్తూ వేస్తూ కాలితో గంపను పెరటి తలుపు దాకా నెట్టింది. పెరట్లో గంప ఎత్తి, చూరులోంచి ఒక పాత చేట తీసి కేయూరుడి చేతిలో పెట్టింది.

"ఎక్కి కూర్చుంటే ఎగురుతుంది. రొట్టెలు ఇంకా చాలానే ఉన్నాయి, కాసేపు ఆపుతాను. వెళ్ళు రాకుమారా."

కేయూరుడు ఉలిక్కిపడ్డాడు. "నీకెలా తెలుసు?"

"మెరుగు పెట్టేవాడి గోళ్ళు నల్లగా ఉంటాయి నాయనా. నీ గోళ్ళకి గోరింటాకుంది." ఆవిడ చేట అంచు తుడిచింది. "మావాడి దండం బలం తగ్గించు, చాలు. వాణ్ణి మాత్రం చంపకు. ఆ, ఇంకో మాట. చేట తిరిగి పంపించు. ఖాళీ చేట పంపకూడదు, శుభం కాదు."

చేట ఎగిరింది. మేఘాల్లో మెరుపుకాకుల గుంపు చుట్టుముట్టింది. కేయూరుడు గడ్డం పీకి వాటి మధ్యకు విసిరాడు. అది తమ గూటికి దొరికిన పీచనుకుని కాకులు కొట్టుకుంటూ ఉండగా కిందికి దూసుకెళ్ళాడు. సుడిగాలి చేటను బొంగరంలా తిప్పింది. ఎండ తిరిగే వేళకు నూపురగిరి కోట మీద, ఆరవేసిన వడియాల మధ్య, దిగాడు.

"తొక్కకు! తొక్కకు!" అంటూ వచ్చింది మహారాణి. కొడుకని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చిక్కిపోయావు."

"అమ్మా, తాళంచెవి! నాన్నగారిని బయటికి తియ్యాలి!"

"బయటికా? దుమ్ము పడుతుందిరా. నేను భద్రంగా దాచాను. నువ్వెళ్ళిన రోజు వేసిన తాళం ఇంతవరకూ తియ్యనే లేదు."

తాళం తీశారు. ఎంత సులువుగా తిరిగిందంటే, ఎవరో రోజూ నూనె వేస్తున్నట్టుంది. పట్టుబట్ట తొలగించారు. లోపల మహారాజు లేడు. మహారాజు ఆకారంలో అమావాస్య కూర్చుని ఉంది. కిరీటం నలుపు, కళ్ళు నలుపు, మిగిలిన అరమీసం నలుపు. కేయూరుడు పైనుంచి కిందికి వెతికాడు. అప్పుడు చూశాడు. కుడిచేతి చిటికెన వేలు. అది ఒక్కటి మాత్రం, తడిబట్ట మీద రాలిన మల్లెమొగ్గలా, తెల్లగా, చల్లగా మెరుస్తోంది.

కేయూరుడు తల్లి వైపు చూశాడు. తల్లి పైకప్పు వైపు చూసింది.

"ఎంత బూజు పట్టిందో చూడు," అంది. "చెప్పినా దులపరు."

"అమ్మా."

మహారాణి బూజుకర్ర కోసం వెతికింది.

"అమ్మా, ఈ వేలు."

మహారాణి చెంగు వేలికి చుట్టుకుంది. "మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక ఊరికే వచ్చేదాన్ని. ఇంటి సంగతులు ఆయనకి చెప్పొద్దూ? తూర్పు బురుజు కారుతోంది. ఆవకాయ బూజు పట్టింది. మంత్రిగారి భార్య నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఇవన్నీ ఎవరికి చెప్పను? చెప్తూ చెప్తూ వేలు పట్టుకునేదాన్ని. అలవాటైపోయింది."

"అయితే చెయ్యంతా పట్టుకోవలసింది కదమ్మా!"

"హవ్వ! తలుపు దగ్గర భటుడుంటాడు!"

కేయూరుడికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మాంత్రికుడికి అంతు చిక్కని ఆ చుక్క ఇదే. రాజ్యంలోని వీరులందరూ కత్తులు నూరుకుంటూ ఉండగా, మహారాజు ప్రాణాన్ని ఆవకాయ కబుర్లు కాపాడాయి.

జటిలమ్మ చెప్పిందంతా గబగబా తల్లికి చెప్పాడు. మహారాజును మోసుకొచ్చి కొలువులో కూర్చోబెట్టారు. ఊళ్ళో దండోరా మోగింది: "వెండి ఉన్నవాళ్ళందరూ పెట్టెలు తెరవండహో! ఉన్నదంతా ఒంటి మీద వేసుకుని కోటకి రండహో! రాజుగారి ప్రాణం మీదికొచ్చిందహో!"

నూపురగిరి వణికిపోయింది. మాంత్రికుడికైతే అంత భయపడలేదు.

"రోజూ పెట్టుకుంటే అరిగిపోదూ?" "ఇవాళ మంగళవారం కదా?" "ముందు పక్కింటావిడ తియ్యనీ!" అంటూనే, రాజుగారి ప్రాణం సంగతి విని, ఒక్కొక్కరే భోషాణాలు తెరిచారు. తరాల నాటి నల్లటి మూటలు విప్పారు. బూడిద జోలికి పోకుండా, కుంకుడు నురగలో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, వేసుకున్నారు. కొందరు వేసుకుని పైన శాలువా కప్పుకున్నారు. మహామంత్రి భార్యకు పెళ్ళినాటి వడ్డాణం నడుముకి పట్టలేదు. భుజం మీంచి జందెంలా వేసుకుని, అదే కొత్త పద్ధతి అన్నట్టు నడిచింది. కోట వీధి నిండా పట్టీల గలగల. వాన వెలిసిన అడవిని ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టు. ఆ చప్పుడు పెద్దలు చెప్పినట్టే ఉంది. పెద్దలు కూడా వినడం అదే మొదలు.

మహారాణి సింహాసనం పక్కన కూర్చుని, అటూ ఇటూ చూసి, చెంగు చాటున, భర్త చిటికెన వేలు పట్టుకుంది.

"అమ్మా, చెయ్యి పట్టుకో."

"జనం పల్చబడనీరా."

జనం పల్చబడలేదు. ఆకాశం నల్లబడింది. పొట్ట నిండా రొట్టెలతో, ఆయాసపడుతూ, కుంభజిహ్వుడు పొగమేఘం మీద వచ్చాడు. కోట మీదికి వచ్చేసరికి కింద వెండి మెరుపు కళ్ళలో కొట్టింది. చేతిలో దండం సగానికి సగం తేలికైంది. మేఘం చిరిగి, దబ్బున అగడ్తలో పడ్డాడు. తడిసిన బట్టలతో కొలువులోకి దూసుకొచ్చాడు. బారెడు నాలుక జానెడైంది. ఆ జానెడే చాలన్నట్టు దండం ఎత్తాడు. కేయూరుడు కత్తి దూసి అడ్డం దూకాడు. దండం తాకిన కత్తి తోటకూర కాడలా వంగిపోయింది. యువరాజు స్తంభానికి తగిలి పడ్డాడు.

మాంత్రికుడు మహారాజు వేలి మీద గంధకపు పొగ ఊదాడు. మెరుపు మసకేసింది. మహారాణి భయంతో ఆ చేతిని మొత్తం తన గుప్పిట్లోకి తీసుకుంది. పొగ ఆమె వేళ్ళ మీదే ఆగిపోయింది.

"చెయ్యి తీయ్!" అని గర్జించాడు కుంభజిహ్వుడు.

"తియ్యను."

పాము చేసి విసిరాడు. తియ్యలేదు. నిప్పు కురిపించాడు. తియ్యలేదు. అప్పుడు కుంభజిహ్వుడు తన దగ్గరున్న ఆఖరి అస్త్రం తీశాడు. నూపురగిరి మీద ఇంతవరకూ విఫలం కాని అస్త్రం. గొంతు తగ్గించి, తల పంకించి అన్నాడు:

"నలుగురూ చూస్తున్నారు తల్లీ."

మహారాణి తలెత్తి చూసింది. మహామంత్రి చూస్తున్నాడు. ఆయన భార్య చూస్తోంది. తలుపు దగ్గర భటుడు చూస్తున్నాడు. ఊరు ఊరంతా చూస్తోంది. కనకాంగీదేవి చెంపలు ఎర్రబడ్డాయి. వేళ్ళు వదులయ్యాయి. ఆ సందులోంచి పొగ చిటికెన వేలి మీదికి పాకింది. మెరుపు ఆవగింజంతకు తగ్గింది.

"అమ్మా!" అని అరిచాడు కేయూరుడు నేల మీంచి.

మహారాణి ఆ ఆవగింజ వైపు చూసింది. ఎన్నో మధ్యాహ్నాలు తన మాటలన్నీ విసుక్కోకుండా విన్న వేలు అది.

"చూడనీ," అంది.

అని చేతి మీది చెంగు పక్కకు తోసేసి, రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని, తన చెంపకు గట్టిగా ఆనించుకుంది.

నలుపు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. వేళ్ళు తెల్లబడ్డాయి, అరచెయ్యి తెల్లబడింది, తెలుపులోంచి వెచ్చదనం వచ్చింది. మోచెయ్యి దాకా మాంసమై, చిటికెన వేలు వంగి ఆమె చిటికెన వేలిని కొక్కెంలా పట్టుకుంది. కుంభజిహ్వుడు వెనక్కి తూలి, మిగిలిన బలమంతా దండంలోకి లాగి, ఈసారి మహారాణి తలకే గురిపెట్టాడు. మహామంత్రి భార్య జందెంలా వేసుకున్న వడ్డాణం తీసి గిరగిరా తిప్పింది. కేయూరుడు వంగిన కత్తితోనే లేచాడు.

ఆ గొడవలోనే వెచ్చదనం మొహం దాకా పాకి, మహారాజు పెదవులు కదిలాయి. చీకటి లోకం అంచు దాకా వెళ్ళి వచ్చిన మహావీరుడు, భార్య చేతిలో చెయ్యి ఉంచి, రెండో చెయ్యి ఇంకా నల్లటి వెండిగా ఉండటంతో తడుముకోలేక, మొదటి మాట పలికాడు.

"కనకం, నా మీసం కుడివైపు చల్లగా ఉందేమిటి?"

"తరవాత చెప్తాను," అంది మహారాణి, చెయ్యి వదలకుండానే భర్తకు అడ్డంగా జరుగుతూ. "ముందు మీరు తల వంచండి!"

దండంలోంచి నల్లటి పిడుగు బయలుదేరింది. అది గిరగిరా తిరుగుతున్న వెండి వడ్డాణానికి తగిలి, వెనక్కి మళ్ళి, దండాన్నే తునకలు చేసింది.